పలుకు

మా కారు గరాజులో ఉండదు, వానలో ఉంటుంది.
గరాజులో ముప్ఫయ్యేడు ఇనుప తలలుంటాయి,
ఒక్కటీ మాది కాదు.

లాక్లన్ ఫెర్రీ ఇంజన్ల దగ్గర ముప్ఫయ్యొక్క ఏళ్లు పనిచేసి
చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చాడు.
రిటైరైన మర్నాడే చర్చి సంతలో
రెండు పౌండ్లకి ఏడో నంబరు గోల్ఫ్ కర్ర కొన్నాడు.
తుప్పు. పెచ్చులూడిన పిడి, నల్లగా చేతికంటుకునేది.
"ఆడతావా?" అన్నాను.
"ఆడటమెందుకు?" అన్నాడు,
నేనేదో అనకూడని మాట అన్నట్టు.

ఇప్పుడు పిటెన్‌వీమ్ నుంచి క్రెయిల్ దాకా
ఎవరి కర్ర వంగినా మా గుమ్మానికే ఆనిస్తారు.
బెల్లు కొట్టరు. చీటీ కట్టి పోతారు:
అర అంగుళం తగ్గించు.
మెత్తటిది వెయ్యి, భుజం నొప్పి.
పారకి కామ మార్చడం లాంటిదే గదా అంటే నొచ్చుకుంటాడు.

పని నాకూ కంఠతా వచ్చేసింది.
రబ్బరు చుట్టి వైస్‌లో బిగిస్తాడు,
మెడకి హీట్ గన్ పడతాడు. పాత జిగురు
ముందు వాసన, తర్వాత పొగ, చివరికి మెత్తబడి ఒప్పుకోలు.
కాస్త మెలితిప్పితే
తల ఊడొస్తుంది, పాలపన్నులా.
కొత్త షాఫ్ట్ కొసకి గరుకుకాగితం రుద్దుతూ
"నున్నగా ఉంటే పట్టుకోదు" అంటాడు, ప్రతిసారీ,
ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు.
రెండు గొట్టాల జిగురు సమంగా పిండి
నా జామ్ చెంచాతో కలుపుతాడు.
ఆ చెంచా ఇప్పుడు ఎవరిదో అడక్కండి.

నవంబర్లో, సముద్రపు మంచు వీధి దాకా వచ్చిన రోజు,
ఇష్‌బెల్ అయిదో నంబరు తెచ్చింది.
పోస్టాఫీసు కిటికీ వెనక జీవితమంతా కూర్చున్న మనిషి, నవ్వదు.
ఊపితే లోపల ఏదో గలగల.
"ఇరవయ్యేళ్ల నుంచీ వింటున్నా. ఇక చాలు" అంది.

లాక్లన్‌కి ఆ చప్పుడు వినపడదు.
నన్ను పిలిచి, కర్ర నా చెవి దగ్గర ఒంపి
"ఎక్కడుంది?" అన్నాడు.
"పైన. ఇప్పుడు కింద."
పెళ్లయిన నలభై ఏళ్లలో
నా మాట అంత శ్రద్ధగా వినడం అదే.

తల ఊడదీసి బోర్లిస్తే
పాత పేపరు మీద రాలింది
ఎండిన జిగురు పలుకు, బార్లీ గింజంత.
మునుపు చేసినవాడెవడో ఒక చుక్క ఎక్కువ పోశాడు, అంతే.
నా వంటింటి త్రాసు మీద పెట్టి చూశాడు.
త్రాసు సున్నా అంది.

వారానికి ఇష్‌బెల్ మళ్లీ వచ్చింది.
"పైకెత్తగానే టక్కుమనేది.
అప్పుడు దించేదాన్ని.
ఇప్పుడు ఎప్పుడు దించాలో తెలీటం లేదు."
చెబుతూ మా ఇద్దరి వంకా కాక
గోడమీది ఆకురాళ్ల వంక చూసింది.

నేను నవ్వాపుకున్నాను. లాక్లన్‌కి నవ్వే రాలేదు.
ఆ పేపరు పొయ్యిలోకి పోయి నాలుగు రోజులు.
సీసపు గుండు వేశాడు: బొంగురు, అన్నాను.
ఎండు బఠాణీ: దొర్లుతోంది, పలకటం లేదు.
చివరికి మైనపు కాగితం మీద జిగురు బొట్లు పెట్టి,
రాత్రంతా ఆరనిచ్చి, బ్లేడుతో చెక్కి,
ఒక్కొక్కటే షాఫ్ట్‌లో వేసి నాకేసి చూశాడు.
కీచు. ఇంకా కీచు.
ఇది కాదు. ఇదీ...
ఆఁ. ఇదే.

గుమ్మంలో ఒక్కసారి ఊపి చూసుకుంది ఇష్‌బెల్,
బావుందనలేదు. పొగబెట్టిన చేపల పొట్లం
బల్లమీద పెట్టి మంచులోకి వెళ్లిపోయింది.
"వచ్చిందా చప్పుడు?" అన్నాడు.
"వచ్చింది."
"ఎట్లా ఉంది?"
ఎట్లా చెప్పను? గోటితో బల్ల మీద
అతని వేళ్ల పక్కనే
ఒక్కసారి కొట్టాను.

సాయంత్రం స్కోన్లకి పిండి తూచబోతే
త్రాసు పళ్లేనికి ఎండిన జిగురు బొట్టొకటి.
గీకబోయి, మానేశాను.